వీడియో కింద తప్పు కాగితం: ఆన్‌లైన్ కోర్సులో పాఠాలు ఎక్కించేటప్పుడు నేను నేర్చుకున్నవి



మన ప్రకృతి వ్యవసాయం కోర్సులోకి పాఠాలు ఎలా ఎక్కించాలో పై వీడియోలో కంప్యూటర్ తెర మీద చూపించాను. మీలో చాలామంది "మేం కూడా మా ఊరి రైతుల కోసం ఇలాంటి కోర్సు పెట్టుకోవాలనుకుంటున్నాం, ఎలా?" అని అడుగుతున్నారు కాబట్టే ఆ వీడియో చేశాను. ఏ బటన్ ఎక్కడ ఉందో వీడియోలో ఉంది. కెమెరా ముందు చెప్పలేకపోయిన విషయం ఒకటి మిగిలిపోయింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ మీరు కోర్సు పెట్టేముందు అది తెలుసుకోవాలి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన ఏడాది కార్తీక మాసంలో ఒక రోజు పొద్దు గూకాక ఫోన్ వచ్చింది. మన కోర్సులో చేరిన ఒక అక్క. అరెకరంలో వంగ తోట వేసింది.

"తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే కొట్టాను. ఆకులన్నీ మాడిపోయినయ్" అంది.

అక్క గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తెల్లారి బండేసుకుని వెళ్లాను. ఆరు సాళ్లు. ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి ముడుచుకుపోయి ఉన్నాయి, లేత కొనలు వాడిపోయాయి, పూత కింద రాలి ఉంది. ఏడో సాలు నుంచి తోట పచ్చగా, ఏమీ జరగనట్టు ఉంది. ఎందుకు ఆరు సాళ్లతో ఆగిందని అడిగితే "కషాయం అయిపోయింది" అంది.

అప్పుడు అర్థమైంది. అక్క కాయ తొలిచే పురుగుకు అగ్నిఅస్త్రం తయారు చేసింది. దాన్ని నీళ్లలో కలపకుండా నేరుగా పంపులో పోసి కొట్టింది. నూరు లీటర్ల నీళ్లలో కలపాల్సిన మందు ఆరు సాళ్ల మీద పడింది.

"నీళ్లు కలపాలి కదక్కా?" అన్నాను.

అక్క ఏం మాట్లాడకుండా ఫోన్ తీసి చూపించింది. అగ్నిఅస్త్రం వీడియో కిందే నేను పెట్టిన కాగితం ఉంది. అందులో నా చేతిరాతతో స్పష్టంగా ఉంది: "నీళ్లు కలపకుండా నేరుగా పిచికారీ చేయాలి."

ఆ వాక్యం తప్పు కాదు. అది నీమాస్త్రం కాగితం. నీమాస్త్రాన్ని తయారు చేసేటప్పుడే నూరు లీటర్ల నీళ్లు పోస్తాం, అందుకే వడగట్టి నేరుగా కొడతాం. ఆ కాగితాన్ని నేను తెచ్చి అగ్నిఅస్త్రం కింద పెట్టాను.

"ఘాటుకు కళ్లు మండినయ్. అనుమానం కూడా వచ్చింది. కానీ చదువుకున్నోడివి, నువ్వు రాశావు కదా అని కొట్టాను" అంది అక్క.

అది విన్నాక నాకు నోట మాట రాలేదు.

తప్పు ఎలా జరిగింది

చెప్పుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. కరెంటు లేక పగలంతా పోయింది. రాత్రి పదకొండు దాటాక కూర్చున్నాను. ఒక్కో మందుకు రెండు కాగితాలు రాసి పెట్టుకున్నాను. మొదటిది తయారీ, రెండోది వాడే విధానం. తయారీ ఎటూ వీడియోలో ఉంది కదా అని రెండో కాగితాలు మాత్రమే ఫోన్‌తో స్కాన్ చేశాను. మందు పేరు మొదటి కాగితం మీద మాత్రమే ఉంది. ఫైళ్లకు ఫోనే పేర్లు పెట్టుకుంది: స్కాన్ 3, స్కాన్ 4, స్కాన్ 5. పన్నెండు ఫైళ్లు ఒకేసారి లాగి కోర్సులో పడేసి, తర్వాత ఒక్కోదాన్ని ఒక్కో వీడియో కిందకు సర్దాను. రెండు తారుమారయ్యాయి. మళ్లీ తెరిచి చూడలేదు. పొద్దున్నే "కొత్త పాఠాలు వచ్చాయి" అని అందరికీ మెసేజ్ మాత్రం పెట్టాను.

పురుగుమందుల కొట్లో సీసా మీద వేరే చీటీ అంటించి అమ్మితే మనం ఊరుకుంటామా? కోర్సులో పాఠం కింద వేరే కాగితం పెట్టడం కూడా అదే తప్పు. మనది ప్రకృతి వ్యవసాయం, మన మందుల్లో విషం లేదు, పొరపాటు జరిగినా ఏం కాదులే అనే ధీమా నాకు లోపల ఎక్కడో ఉండేది. ఆ ఆరు సాళ్లు చూశాక పోయింది.

అక్క తోటకు ఏం చేశామో కూడా చెబుతాను. ముందు మంచినీళ్లతో మొక్కల్ని బాగా తడిపి కడిగాం. పది రోజులు ఏ కషాయమూ కొట్టలేదు. పారకం నీళ్లతో జీవామృతం ఇచ్చాం. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త చిగురు రావాల్సిందే. వచ్చింది. కానీ ఆ ఆరు సాళ్లలో కాపు ఆలస్యమైంది, తగ్గింది కూడా. నష్టం నేను ఇస్తానక్కా అంటే అక్క ఒప్పుకోలేదు. "డబ్బులు తర్వాత సంగతి. ముందు ఆ కాగితం తియ్యి. ఇంకెవరు కొడుతున్నారో ఏమో" అంది.

ఆ మాటతో రెండో భయం పట్టుకుంది. అక్కడే గట్టు మీద కూర్చుని ఫోన్‌లో ఆ ఫైల్ దాచేశాను. ఇంటికొచ్చి కోర్సు రికార్డులో చూస్తే అప్పటికే నలభై మూడు మంది దాన్ని తెరిచారు. కోర్సులో ఫైల్ మారిస్తే కోర్సులోనే మారుతుంది. రైతు ఫోన్‌లో సేవ్ చేసుకున్నది, వాట్సాప్‌లో బావమరిదికి పంపింది, జిరాక్స్ తీసి పాకలో అంటించింది మారవు. రెండు రాత్రులు కూర్చుని నలభై మూడు మందికీ ఫోన్ చేశాను. ఇద్దరు ఆ వారంలోనే కొట్టడానికి కషాయం కాచి పెట్టుకున్నారు.

అప్పటి నుంచి పాఠం ఎక్కించే పద్ధతి మొత్తం మార్చుకున్నాను. ఒక్కొక్కటీ చెబుతాను.

మనం వాడే వేదిక గురించి రెండు మాటలు

మన కోర్సు మూడుల్ మీద నడుస్తోంది. మార్టిన్ డూగియమస్ అనే ఆయన ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, 2002లో మొదటి వెర్షన్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉచితం. కానీ దాన్ని పెట్టుకునే సర్వర్‌కు అద్దె కట్టాలి, అప్పుడప్పుడు అప్‌డేట్లు చేసుకోవాలి. అంత తలనొప్పి వద్దనుకునేవాళ్లకు గూగుల్ క్లాస్‌రూమ్ చాలు. మామూలు జీమెయిల్ ఉంటే చాలు. అందులో క్లాస్‌వర్క్ అనే చోట క్రియేట్ నొక్కి మెటీరియల్ ఎంచుకుంటే ఫైల్, వీడియో లింకు పెట్టుకోవచ్చు. టాపిక్‌లుగా విడగొట్టుకోవచ్చు. వెంటనే కనిపించకుండా డ్రాఫ్ట్‌గా దాచుకోవచ్చు. ముప్పై నలభై మంది రైతులకు నేర్పాలంటే దానితో మొదలుపెట్టండి.

నేను కింద చెప్పేవి మూడుల్ మాటల్లో ఉంటాయి గానీ, పద్ధతి దేనికైనా ఒకటే.

ముందు పంట కాలం ప్రకారం గదులు కట్టుకోండి

నేను మొదట్లో పుస్తకంలో ఉన్నట్టు కోర్సు కట్టాను. ఒకటో అధ్యాయం జీవామృతం, రెండోది ఘనజీవామృతం, మూడోది కషాయాలు. డిప్లొమాలో మాకు అలా చెప్పారు, నాకు అదే వచ్చు. కానీ రైతు అలా వెతకడు. "ఇప్పుడు నా చేలో ఏం చేయాలి?" అనే వస్తాడు.

ఇప్పుడు మన కోర్సులో సెక్షన్లు ఇలా ఉన్నాయి:

• తొలకరికి ముందు: నవధాన్యాలు పొడి దుక్కిలో విత్తడం, ఘనజీవామృతం తయారు చేసి నిల్వ పెట్టుకోవడం
• విత్తే వారం: బీజామృతంతో విత్తన శుద్ధి
• మొక్క నిలదొక్కుకునే దశ: జీవామృతం, ఆచ్ఛాదన
• పురుగు కనిపించినప్పుడు: ముందు పురుగును గుర్తుపట్టడం, తర్వాత నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నిఅస్త్రం
• పూత, కాపు దశ
• కోత, విత్తనం దాచుకోవడం

ఒక్కో సెక్షన్‌లో ఐదారు వస్తువుల కంటే ఎక్కువ పెట్టను. అంతకు మించితే ఫోన్‌లో వేలితో తోస్తూ తోస్తూ పోవాలి, కింద ఏముందో ఎవరూ చూడరు.

ఏది ఏ రూపంలో పెట్టాలి

మూడుల్‌లో ఎడిట్ మోడ్ ఆన్ చేస్తే పాఠం కలిపే ఎంపికలు కనిపిస్తాయి. అందులో రకరకాల పేర్లు ఉంటాయి. మనకు రోజూ పనికొచ్చేవి ఇవి.

పేజీ: ఇది మనమే టైప్ చేసే కాగితం. ఫోన్ తెరకు తగ్గట్టు అక్షరాలు వాటంతట అవే సర్దుకుంటాయి. మందు మోతాదులన్నీ ఇప్పుడు పేజీలోనే పెడుతున్నాను. డౌన్‌లోడ్ అయ్యాక చేజారిపోయే ఫైల్ కాదిది. నేను దిద్దిన వెంటనే, తర్వాత నెట్ ఉన్నచోట తెరిచేవాళ్లకు దిద్దినదే కనిపిస్తుంది.

ఫైల్: పీడీఎఫ్, ఫొటో లాంటివి. జిరాక్స్ తీసుకుని పాకలో అంటించుకునే చార్టులకు మాత్రమే దీన్ని వాడుతున్నాను. సెట్టింగుల్లో ఫైల్ సైజు, మార్చిన తేదీ చూపించే ఎంపికలు ఉంటాయి, రెండూ టిక్ పెట్టండి. తన దగ్గరున్న కాగితం పాతదా కొత్తదా అని రైతే పోల్చుకుంటాడు.

యూఆర్ఎల్: బయటి లింకు. వీడియోలు సర్వర్‌లోకి ఎక్కించకండి. సర్వర్‌లో ఒక్కో ఫైల్‌కు ఇంత సైజు అని హద్దు ఉంటుంది, పైగా సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో ఆగి ఆగి ఆడుతుంది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వండి. వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్లు చూడగలరు. లింకు ఎవరికి పంపినా వాళ్లూ చూస్తారు, అది గుర్తుంచుకోండి.

ఫోల్డర్: ఒకే రకం ఫొటోలు ఒకచోట పెట్టడానికి. ఉదాహరణకు వంగ మీద కనిపించే పురుగుల ఫొటోలు.

ఆడియో కూడా చాలా ఉపయోగం. చదవడం ఇబ్బందిగా ఉన్న పెద్దవాళ్లు, పొలంలో చేతులు ఖాళీ లేనివాళ్లు వింటారు. ప్రతి మోతాదు పేజీ పైన అదే విషయం నా గొంతుతో ఒకటి రెండు నిమిషాలు చదివి పెడుతున్నాను. పేజీ దిద్దితే ఆడియో కూడా మళ్లీ రికార్డు చేయాలి. ఇది మరిచిపోతే మళ్లీ మొదటి తప్పే.

ఇంకో సంగతి. మూడుల్ యాప్‌లో పేజీలు, ఫైళ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకుని సిగ్నల్ లేని చోట చదువుకోవచ్చు. యూట్యూబ్ వీడియో అలా రాదు. అంటే చేలో నిలబడ్డ రైతు చేతిలో వీడియో ఉండకపోవచ్చు, కాగితం మాత్రమే ఉంటుంది. కాబట్టి "వీడియోలో చెప్పాను కదా" అని కాగితంలో ఏదీ వదలకండి. అక్క తోటలో జరిగింది సగం ఇదే.

ప్రతి మందుకు ఒకే తీరు చీటీ

ఇప్పుడు మన కోర్సులో ప్రతి మందుకూ ఒకటే వరుసలో పేజీ ఉంటుంది: పేరు, దేనికి, ఏమేం కావాలి, ఎలా, ఎంత సేపు పులియాలి, నీళ్లు కలపాలా వద్దా, పంపుకు ఎంత, జాగ్రత్త. ఏ వరుస ఎక్కడుందో రైతు కంటికి అలవాటు అవుతుంది. ఏదైనా వరుస తప్పిపోతే వెంటనే తెలుస్తుంది. ఆ రోజు తారుమారైన రెండు చీటీలు ఇప్పుడు ఇలా ఉన్నాయి.

నీమాస్త్రం
దేనికి: రసం పీల్చే పురుగులు, చిన్న పురుగులు
కావలసినవి: నీళ్లు 100 లీటర్లు, దేశీ ఆవు మూత్రం 5 లీటర్లు, ఆవు పేడ 5 కిలోలు, నూరిన వేపాకు 5 కిలోలు
ఎలా: అన్నీ కలిపి నీడలో గోనెసంచి కప్పి ఉంచాలి, రోజుకు రెండుసార్లు కలియతిప్పాలి
పులియడానికి: 24 గంటలు
నీళ్లు: మళ్లీ కలపకూడదు. వడగట్టి నేరుగా కొట్టాలి

అగ్నిఅస్త్రం
దేనికి: కాయ తొలిచే పురుగు, కాండం తొలిచే పురుగు, ఆకుముడత పురుగు
కావలసినవి: దేశీ ఆవు మూత్రం 10 లీటర్లు, పొగాకు 1 కిలో, పచ్చిమిర్చి అర కిలో, నాటు వెల్లుల్లి అర కిలో, నూరిన వేపాకు 5 కిలోలు
ఎలా: అన్నీ నూరి మూత్రంలో వేసి నాలుగు పొంగులు వచ్చేదాకా కాచి దించాలి. చల్లారాక మూత పెట్టి ఉంచి వడగట్టాలి
ఆగాల్సింది: 48 గంటలు
నీళ్లు: తప్పనిసరిగా కలపాలి. 100 లీటర్ల నీళ్లకు 2 లీటర్లు మాత్రమే
పంపుకు: 16 లీటర్ల పంపుకు 320 మిల్లీలీటర్లు. లీటరు నీళ్ల బాటిల్‌లో మూడో వంతు కంటే ఒక్క గుటక తక్కువ
జాగ్రత్త: కాచేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడొద్దు. కొట్టేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. పొగాకు ఘాటు మనిషికీ మంచిది కాదు

చివరన "పంపుకు" అనే వరుస చూశారా? నూరు లీటర్లకు రెండు లీటర్లు అని రాస్తే పుస్తకంలో సరిపోతుంది. చేలో రైతు చేతిలో ఉండేది పదహారు లీటర్ల పంపు. ఆ లెక్క మనం కట్టి ఇవ్వాలి. నీళ్ల బాటిల్ కొలత అక్క చెప్పిందే. "మిల్లీలీటర్లు అంటే నా దగ్గర ఏముంటది తమ్ముడూ, బాటిల్ లెక్కలో చెప్పు" అంది.

ఒకే మందుకు రెండు మూడు చోట్ల వేరు వేరు లెక్కలు కనిపిస్తాయి. సుభాష్ పాలేకర్ గారి శిబిరాల్లో విన్న లెక్క ఒకటి, మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ వాళ్లు పంచిన కరపత్రాల్లో ఇంకొకటి ఉండొచ్చు. రెండూ మంచివే కావచ్చు. కానీ కోర్సులో ఒక మందుకు ఒకే లెక్క పెట్టండి. వీడియోలో ఒకటి, కాగితంలో ఇంకొకటి ఉంటే రైతు మధ్యలో తనకు తోచింది చేస్తాడు.

ఫైల్ పేరు, తేదీ

స్కాన్ 3 లాంటి పేర్లు నా కంప్యూటర్‌లో ఇప్పుడు లేవు. ప్రతి ఫైల్ పేరులో మందు పేరు, అదేం కాగితమో, తేదీ ఉంటాయి. "అగ్నిఅస్త్రం, వాడే విధానం, నవంబర్ 20" అలా. అదే పేరు, అదే తేదీ కాగితం లోపల ప్రతి పేజీ పైన కూడా ఉంటుంది. రెండు పేజీల కాగితాన్ని విడదీసినా ఏ పేజీ దేనిదో తెలియాలి.

దిద్దిన ఫైల్ పెట్టేటప్పుడు పాతదాని పక్కనే కొత్తది చేర్చకండి. రెండూ కనిపిస్తే ఏది నొక్కాలో ఎవరికీ తెలియదు. పాత ఫైల్ సెట్టింగుల్లోకి వెళ్లి లోపల ఉన్నదాన్ని తీసేసి, అదే చోట కొత్తది పెట్టండి. లింకు మారదు, చోటు మారదు. మోతాదు మారి ఉంటే అందరికీ చిన్న మెసేజ్ పెట్టండి: ఏది మారింది, ఎందుకు, పాత కాగితం చించేయండి అని.

రాత్రి ఎక్కించండి, పొద్దున తెరవండి

ఏ పాఠం పెట్టినా ముందు హైడ్‌లోనే పెడతాను. రాత్రి అలసటలో సరిగ్గా ఉన్నట్టు కనిపించింది పొద్దున చూస్తే తప్పుగా దొరుకుతుంది. మర్నాడు ఈ నాలుగు చూసుకున్నాకే షో నొక్కుతాను:

1. స్విచ్ రోల్ ఎంపికతో స్టూడెంట్‌గా మారి, రైతుకు కనిపించేలా కోర్సు చూస్తాను. మనకు కనిపించేవన్నీ వాళ్లకు కనిపించవు.
2. మా నాన్న పాత ఫోన్‌లో తెరుస్తాను. అందులో తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.
3. ప్రతి ఫైల్ చివరి పేజీ దాకా తెరుస్తాను. పేరు చూసి వదలను.
4. డేటా ఆపేసి యాప్‌లో చూస్తాను. చేలో ఏం మిగులుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఇవన్నీ చేసినా పాఠానికి పావుగంట పడుతుంది. నలభై మూడు ఫోన్ల కంటే ఇది చాలా తేలిక.

చూశారా అని కాదు, అర్థమైందా అని అడగండి

వీడియో చూడటం వేరు, చేయగలగడం వేరు. మన ఆంధ్రలో మహిళా సంఘాల దగ్గర చిన్న ప్రొజెక్టర్లతో వ్యవసాయ వీడియోలు వేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. డిజిటల్ గ్రీన్ సంస్థ ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ప్రాజెక్టుగా మొదలై తర్వాత సొంత సంస్థగా మారింది. అందులో నాకు నచ్చింది ప్రొజెక్టర్ కాదు. వీడియో మధ్యలో ఆపి, "ఇప్పుడు ఎంత బెల్లం అన్నారు? ఎన్ని గంటలు ఉంచాలి?" అని అడిగే మనిషి పక్కన ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సులో ఆ మనిషి ఉండదు. ఆ పని క్విజ్‌తో చేయించాలి.

అగ్నిఅస్త్రం పాఠం తర్వాత ఇప్పుడు మూడు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిదే: "మీది 16 లీటర్ల పంపు. అందులో ఎంత అగ్నిఅస్త్రం పోస్తారు?" మూడుల్‌లో రిస్ట్రిక్ట్ యాక్సెస్ అనే ఏర్పాటు ఉంది. ఒక పని పూర్తయ్యాకే, లేదా ఇన్ని మార్కులు వచ్చాకే తర్వాతి పాఠం తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. మందుల పాఠాలకు మాత్రమే దాన్ని వాడుతున్నాను. తప్పు జవాబు నొక్కితే "తప్పు" అని వదిలేయకుండా, ఎందుకు తప్పో, కొడితే ఏమవుతుందో రెండు వాక్యాలు రాసి పెట్టాను. ఆ రెండు వాక్యాలూ అక్క వంగ తోట గురించే. అక్క అనుమతితో, పేరు లేకుండా.

అన్ని పాఠాలకూ తాళాలు వేయకండి. పురుగు పడి హడావుడిగా వచ్చిన రైతుకు "ముందు ఒకటో పాఠం పూర్తి చేయి" అని చెబితే కోర్సు మూసేసి కొట్టుకు పోతాడు. మళ్లీ అక్కడ సీసాయే కొంటాడు.

పెట్టకూడనివి

ఎవరో చేసిన పీడీఎఫ్‌లు, ఎవరి పుస్తకాల పేజీలో స్కాన్ చేసి పెట్టకండి. అడిగి పెట్టండి, లేదా వాళ్ల లింకు ఇవ్వండి. రైతు ముఖం, పొలం చూపించాలంటే అడిగి చూపించండి. "ఇది కొడితే దిగుబడి రెట్టింపు" లాంటి మాటలు అసలే వద్దు. మీ చేలో వచ్చింది వచ్చినట్టు, ఏ నేల, ఏ పంట, ఏ కాలమో కలిపి చెప్పండి. పని చేయనప్పుడు అదీ చెప్పండి. మన పద్ధతిని అనుమానంగా చూసేవాళ్లు మన ఒక్క అబద్ధం కోసమే కాచుకుని ఉంటారు.

ఇప్పుడు అక్క ఏం చేస్తోందంటే

ఈ మధ్య వంగ ఆఖరి కోతలప్పుడు వెళ్లాను. ఆ ఆరు సాళ్ల నష్టానికి డబ్బులు ఇవ్వబోతే మళ్లీ వద్దంది. "నాకు అర్థమయ్యేలా ఉంటేనే మిగిలినవాళ్లకు పెట్టు" అంది. అది నేను పట్టుకున్నాను. ఇప్పుడు కొత్త పాఠం షో నొక్కేముందు లింకు ముందు అక్కకు వెళ్తుంది. ఒక్కో పాఠానికి ఇంత అని ఇస్తున్నాను, పని చేసినందుకు కూలి కాబట్టి ఇది మాత్రం తీసుకుంటోంది. పోయిన వారం దశపర్ణి కషాయం పేజీ పంపితే అరగంటలో ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పది రకాల ఆకులు అన్నావు. ఎనిమిదే రాశావు."

లెక్కపెట్టాను. నిజంగానే ఎనిమిది. ఇంకా హైడ్‌లోనే ఉంది కాబట్టి సరిపోయింది.

మీరు కోర్సు పెడితే మీకూ అలాంటి అక్క ఒకరు కావాలి. డిప్లొమా ఉన్నవాళ్లు అక్కర్లేదు, చేలో పంపు భుజాన వేసుకునేవాళ్లు కావాలి. ముందు వాళ్లకు చూపించండి, తర్వాతే అందరికీ తెరవండి.

మన కోర్సులో ఉన్న కాగితాల్లో మీకు ఎక్కడైనా తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. ముఖ్యంగా నవంబర్‌కు ముందు డౌన్‌లోడ్ చేసుకున్న అగ్నిఅస్త్రం కాగితం మీ దగ్గర ఉంటే, పైన తేదీ లేకపోతే, దయచేసి చించేయండి.

వచ్చే వీడియోలో బీజామృతంతో వేరుశనగ విత్తన శుద్ధి చూద్దాం.